పెరటి తోటలో ముళ్ల ఎలుక: గమనించే పద్ధతి, మేత విషయంలో జాగ్రత్తలు

తొలకరి వానలు పడిన తరువాత మెట్ట ప్రాంతాల రైతుల నుంచి, ముఖ్యంగా దక్షిణ రాయలసీమ వైపు నుంచి, ఏటా ఒకరిద్దరు ఇదే సంగతి అడుగుతుంటారు. "సార్, రాత్రి పూట పెరట్లోకి ముళ్ల బంతి లాంటిది వస్తోంది. కాయలు తవ్వేస్తుందా? కొట్టేయమంటారా?" ఈ మధ్య ఫోన్లలో వీడియోలు చూసినవారు ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు: "దానికి పాలు పెట్టవచ్చా?" రెండింటికీ జవాబు వద్దు అనే. ఎందుకు వద్దో, మరి ఏం చేయాలో ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం.

ఏ జీవి గురించి మాట్లాడుతున్నాం?

మన దగ్గర దీనికి ఊరూరా వాడే ఒకే పేరు లేదు. ముళ్ల ఎలుక అని కొందరు, చిన్న ముళ్లపంది అని కొందరు అంటారు. తమిళంలో ముళ్ళెలి అంటారు. ఇంగ్లీషులో మద్రాస్ హెడ్జ్‌హాగ్. శాస్త్రీయ నామం పారాఎకైనస్ న్యూడివెంట్రిస్. 1851లో హార్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త దీనిని మొదట వర్ణించాడు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళ రాష్ట్రాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా బతకని జీవి ఇది. ముళ్ల పొదలు, గడ్డి బీళ్లు, తాటి తోపులు, మెట్ట చేల గట్లు దీని నివాసం. నీళ్లు నిలిచే వరి మాగాణి దీనికి పనికిరాదు. కాబట్టి డెల్టా రైతులు తమ పెరట్లో కూడా కనిపిస్తుందని ఎదురుచూడనక్కరలేదు.

పేరులో ఎలుక ఉన్నా ఇది ఎలుక జాతి కాదు, పంది అంతకన్నా కాదు. చుంచుకు దగ్గరి చుట్టం. ఎలుకకు, ఏదుపందికి కొరికే పెద్ద ముందు పళ్లు ఉంటాయి, దీనికి ఉండవు. పురుగులను పట్టి నమలడానికి పనికొచ్చే చిన్న వాడి పళ్లు మాత్రమే ఉంటాయి. పెద్దదైనా బరువు పావు కిలోకు అటూ ఇటూ, రెండు దోసిళ్లలో ఇమిడిపోతుంది. మూతి నల్లగా, నుదుటి మీద అడ్డంగా తెల్లటి పట్టీ ఉంటుంది. నడినెత్తిన పాపిడి తీసినట్టు ముళ్లు లేని సన్నని చార కనిపిస్తుంది. ఈ పాపిడిని చూసి దీన్ని తేలికగా గుర్తుపట్టవచ్చు.

ఏదుపందితో పొరబడవద్దు

చాలా చోట్ల ఈ చిన్న జీవి చనిపోవడానికి కారణం ఈ పొరపాటే. ఏదుపంది పది కిలోలు దాటే జంతువు. వేరుశనగ కాయలు, దుంపలు తవ్వుతుంది, కొబ్బరి మొక్కల మొదలు కొరికేస్తుంది. దాని ముళ్లు జానెడు, మూరెడు ఉంటాయి, ఊడి నేల మీద పడిపోతుంటాయి. ముళ్ల ఎలుక ముళ్లు అగ్గిపుల్లంత కూడా ఉండవు, అలా రాలి పడవు. ఇది కాయ తవ్వదు, కాండం కొరకదు. నేల రాలిన మెత్తటి పండును ఎప్పుడైనా రుచి చూస్తుందేమో గాని దాని మేతంతా పురుగులే: పెంకు పురుగులు, చెదలు, మిడతలు, కీచురాళ్లు, వానపాములు, జెర్రులు, చిన్న నత్తలు. నేల మీద గూడు కట్టే పిట్టల గుడ్లు దొరికితే వదలదు, అది కూడా చెప్పాలి.

పెరట్లో నష్టం కనిపించినప్పుడు ముందు గుర్తులు చూడండి. మొక్క మొదట్లో బారెడు మట్టి తోడి, కొరికిన ముక్కలు పడి ఉంటే ఏదుపంది గాని పందికొక్కు గాని వచ్చినట్టు. ఎండుటాకుల కింద బొటనవేలితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు మాత్రమే ఉంటే ముళ్ల ఎలుక మూతి పెట్టి వెతికినట్టు. దాని పెంట నల్లగా, వేలి కణుపంత ఉంటుంది. పుల్లతో విరిచి చూస్తే పెంకు పురుగుల రెక్కల ముక్కలు మిలమిల మెరుస్తాయి. ఏం తిందో అక్కడే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక మాట. ఈ జీవి ఉంది కాబట్టి పురుగుమందు అవసరమే లేదని నేను చెప్పను. పావు కిలో జంతువు ఒక రాత్రిలో ఎన్ని పురుగులు తిన్నా ఎకరం వేరుశనగను కాపాడలేదు. పది సెంట్ల పెరడు మాత్రం వేరే లెక్క. తొలకరికి వేప చెట్టు మీదికి చేరి, తరువాత నేలలో గుడ్లు పెట్టే వేరుపురుగు తల్లి పెంకు పురుగులు చెట్టు కింద రాలుతుంటాయి. వాటిని ఏరుకుని తినేవాటిలో ఇదీ ఒకటి. మీకు ఖర్చు లేని కూలీ అనుకోండి.

ఎప్పుడు, ఎలా గమనించాలి?

ఇది రాత్రి జీవి. పగలంతా ముళ్ల పొద కిందో, రాళ్ల సందులోనో, సొంతంగా తవ్వుకున్న పొట్టి బొరియలోనో పడుకుంటుంది. చీకటి పడిన గంట తరువాత బయలుదేరుతుంది. వాన పడి నేల మెత్తబడిన రాత్రులు పురుగులు పైకి వస్తాయి కనుక ఎక్కువగా తిరుగుతుంది.

వస్తోందో లేదో తెలుసుకోవడానికి కాపలా కూర్చోనక్కరలేదు. కంచె కింద దారి ఉన్న చోట రెండు అడుగుల మేర సన్నని ఇసుక జల్లించి పరచండి, చేత్తో చదును చేయండి. తెల్లవారి చూస్తే చిన్న పిల్లల చేతి ముద్రల్లాంటి బుల్లి అడుగులు కనిపిస్తాయి. ముగ్గు పిండి, సున్నం వాడవద్దు. అరికాళ్లకు, కళ్లకు మంట.

చూడాలనుకుంటే టార్చి మీద ఎర్రటి గాజు కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. తెల్లటి వెలుగు సూటిగా పడితే బంతిలా ముడుచుకుని, మీరు వెళ్లేదాకా విప్పదు. గాలి మీ వైపు వీచే దిక్కున కూర్చోండి. దీనికి చూపు కన్నా వాసన, వినికిడి ఎక్కువ. కుక్కను కట్టేయండి. పది నిమిషాలు కదలకుండా ఉంటే ముందు శబ్దం వినిపిస్తుంది: ఎండుటాకుల్లో గరగర, ముక్కుతో బుసబుస. ఆ బుసకు పాము అనుకుని కర్ర తీసేవారు ఉన్నారు. అది నిజంగా పామే కావచ్చు కూడా, కాబట్టి చీకట్లో పొదల్లో చెయ్యి పెట్టవద్దు, చెప్పులు లేకుండా తిరగవద్దు.

ఒకసారి ఒక రైతు కంగారుగా ఫోన్ చేశాడు. ముళ్ల ఎలుక నోట నురగ కక్కుతూ మెడ వెనక్కి తిప్పి ఒంటికి పూసుకుంటోందట, పిచ్చి పట్టిందేమో చంపేయమంటారా అని. అది రోగం కాదు. కొత్త వాసన గల వస్తువు దొరికితే దాన్ని నమిలి, నురగతో కలిపి ముళ్లకు పూసుకోవడం ఈ జాతి జీవులన్నిటికీ అలవాటు. ఎందుకు చేస్తాయో శాస్త్రవేత్తలే ఒక మాట మీద లేరు. మీరు మాత్రం దూరంగా ఉండి చూడండి.

మేత పెట్టాలా?

రోజూ మేత పెట్టవద్దు. ఇది నా స్పష్టమైన సలహా. గిన్నెలో మేత పెడితే ముందు వచ్చేది ముళ్ల ఎలుక కాదు, వీధి కుక్క, పిల్లి, పందికొక్కు, గండు చీమలు. కుక్క అలవాటు పడిన పెరట్లో ముళ్ల ఎలుక బతకదు. పైగా ఒకే గిన్నె చుట్టూ నాలుగు జీవులు చేరితే గోమార్లు, చర్మ రోగాలు ఒకదాని నుంచి మరొకదానికి అంటుకుంటాయి.

ఇంగ్లండ్‌లో ఉండే మా అమ్మాయి వాళ్ల పెరట్లోకి అక్కడి ముళ్ల ఎలుకలు వస్తాయి. అవి మన వాటికన్నా మూడు నాలుగింతలు పెద్దవి, చలికాలమంతా నిద్రపోతాయి. ఆ నిద్రకు ముందు ఒళ్లు చేయాలి కనుక అక్కడివారు శరదృతువులో పిల్లులకు పెట్టే మాంసపు మేత గిన్నెలో వేస్తారు. బ్రిటన్‌లో ఈ జీవుల సంఖ్య బాగా తగ్గిపోయి, 2020లో అక్కడి క్షీరదాల రెడ్ లిస్టులో ముప్పు ఉన్న వాటిలో చేరింది. కాబట్టి అక్కడి జనం పట్టింపుకు అర్థం ఉంది. మన తెలుగు కుటుంబాలు కూడా అక్కడ చెక్క కంచెలకు 13 సెంటీమీటర్ల చదరపు కంత పెట్టి దారి వదులుతున్నాయి. ఆ వీడియోలు చూసి మనం కంత వరకు నేర్చుకోవచ్చు, గిన్నె నేర్చుకోనక్కరలేదు. మన పెరట్లో వానాకాలమంతా పురుగు దొరుకుతుంది.

అదే న్యూజిలాండ్‌లో అయితే ఈ జీవినే పట్టి నిర్మూలిస్తున్నారు. బ్రిటన్ నుంచి వలస వెళ్లినవారు తీసుకుపోయి వదిలితే, అక్కడి నేల గూళ్ల పిట్టల గుడ్లు తినేస్తోంది. ఏ జీవి అయినా తన చోట ఉన్నప్పుడే మంచిదని రైతుకు వేరే చెప్పాలా! మన వయ్యారిభామకు వాళ్ల ముళ్ల ఎలుకకు తేడా లేదు.

పాలు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. పాలలోని చక్కెరను ఈ జీవి అరిగించుకోలేదు. విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోయి చచ్చిపోతుంది. ఆశగా తాగుతుంది కదా అని మోసపోవద్దు, దాహానికి తాగుతుంది. పెరుగన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు, ఉప్పు కారం తగిలిన కూర వద్దు. వేరుశనగ పప్పులు కూడా వద్దు. మన వైపు ఇంటి నిండా ఉండేవి అవే కనుక పిల్లలు ముందు అవే విసురుతారు. వాటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అదే పనిగా తింటే ఎముకలు బలహీనపడతాయి. బూజు పట్టిన పప్పులో అఫ్లాటాక్సిన్ విషం వేరే ఉంటుంది.

నీళ్లు మాత్రం పెట్టండి. మార్చి నుంచి తొలకరి దాకా మెట్ట ప్రాంతంలో గుక్కెడు నీళ్లు దొరకడమే కష్టం. లోతు తక్కువ మట్టి మూకుడులో రెండు వేళ్ల మందాన నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టి, పొద దగ్గర నీడలో నేల మీద ఉంచండి. రోజూ పొద్దున్నే పారబోసి, కడిగి, సాయంత్రం మళ్లీ పోయండి. వదిలేస్తే దోమలు గుడ్లు పెడతాయి, డెంగీ మీకే వస్తుంది.

కుక్క కరిచిందో, పగటి ఎండలో తూలుతూ కనిపించిందో అయితే ఆ ఒక్కసారికి సాయం చేయవచ్చు. వట్టి చేత్తో పట్టవద్దు. గోనె పట్టా మడిచి దానితో ఎత్తి, గాలి కంతలు పెట్టిన అట్టపెట్టెలో పాత గుడ్డ వేసి ఉంచండి. మూకుడులో నీళ్లు పెట్టండి. ఉప్పు లేకుండా ఉడికించిన కోడిగుడ్డు నలిపి రెండు చెంచాలు, లేదా ఉప్పు కారం లేని ఉడికిన కోడి మాంసం సన్నగా తుంచి అంతే పెట్టండి. నోట్లో కుక్కవద్దు. అటవీ శాఖ బీటు అధికారికి చెప్పి, పశువుల డాక్టరుకు చూపించండి. కరిస్తే గాయాన్ని సబ్బు పెట్టి పారే నీటితో పావుగంట కడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఇంట్లో పెంచుకోవద్దు, ఎవరికీ అమ్మవద్దు. అడవి జీవిని బంధించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కిందికి వచ్చే వ్యవహారం.

విషపు ఎర సంగతి

ఇరవై ఏళ్ల పైమాటే. తమిళనాడు సరిహద్దు మండలంలో పనిచేసేవాణ్ణి. వేరుశనగలో పొగాకు లద్దె పురుగు విపరీతంగా పడింది. తవుడు, బెల్లం, పురుగుమందు కలిపిన విషపు ఎర ఉండలు సాయంత్రం పూట చల్లమని చెప్పాను. సిఫారసు సరైనదే, ఇప్పటికీ చెబుతాం. మర్నాడు పొద్దున ఫలితం చూద్దామని వెళితే గట్టు పక్కన రెండు ముళ్ల ఎలుకలు చచ్చి పడి ఉన్నాయి. ఒకటి తల్లి, ఒకటి పిల్ల. తల్లి మూతికి తవుడు అంటుకుని ఉంది. పరీక్షలకు పంపలేదు, పంపాలన్న ఆలోచన అప్పుడు నాకు లేదు. చేను రైతు వాటిని గడ్డపారతో ఎత్తి గట్టు అవతల పూడ్చాడు. "పోనీలెండి సార్, పురుగు చచ్చింది గదా" అన్నాడు. నేనూ సరే అన్నాను. ఈ జీవి ఈతకు ఒకటి రెండు పిల్లలనే పెడుతుందని తరువాతెప్పుడో చదివి తెలుసుకున్నాను.

అప్పటి నుంచి ఎర గురించి చెప్పినప్పుడల్లా ఇంకో రెండు మాటలు కలుపుతున్నాను. ఉండలు చేను లోపల సాళ్ల మధ్యే వేయాలి, గట్ల వెంబడి, కంచె పొదల పక్కన వేయరాదు. తెల్లవారి తిరిగి మిగిలిన ఉండలు ఏరి లోతుగా పూడ్చాలి. పెరటి తోటలో అయితే విషపు ఎర అసలే వద్దు. అక్కడ కోళ్లు, పిల్లలు కూడా తిరుగుతారు.

నత్తల కోసం వాడే మెటాల్డిహైడ్ గుళికలు కూడా ఇంతే. తవుడు వాసనకు నత్తతో పాటు కుక్క, ముళ్ల ఎలుక కూడా తింటాయి. పెరట్లో నత్తలు ఎక్కువైతే తడిపిన గోనె సంచి కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ ఆకులు వేసి ఉంచండి. రాత్రి అక్కడ చేరిన నత్తలను చేతికి కవరు వేసుకుని ఏరి, బకెట్టులో ఉప్పు నీళ్లలో వేయండి. వారం రోజులు వరుసగా చేస్తేనే ఫలితం, ఒక రాత్రి చేసి ఊరుకుంటే లేదు. ఎలుకలకు విషం బిళ్లలు విడిగా పారేయకుండా బోను పెట్టండి. పెట్టిన బోను తెల్లవారగానే చూడండి, ముళ్ల ఎలుక పడి ఉంటే వదిలేయండి. ఇక ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం. పాత డబ్బా అటక మీద మిగిలి ఉంటే గులాబీ కుండీలో వేద్దామనుకోవద్దు, మండల వ్యవసాయ అధికారికి చూపించి ఎలా వదిలించుకోవాలో అడగండి. ఆకుకూరలు, కూరగాయలకు వేపపిండి, 5 శాతం వేప గింజల కషాయం, పసుపు రంగు జిగురు అట్టలు చాలావరకు సరిపోతాయి.

ముళ్లు కాల్చి పట్టే మందు

తమిళనాడులో, సరిహద్దు ఊళ్లలో పిల్లల కోరింత దగ్గుకు దీని ముళ్లు, చర్మం కాల్చి బూడిద తేనెలో నాకించే అలవాటు ఉంది. దీని కోసమే పట్టి ఎండబెట్టి అమ్మేవారున్నారు. అడిగిన తల్లిని నేను ఎప్పుడూ కోప్పడలేదు. రాత్రంతా దగ్గుతో నీలమైపోయే బిడ్డను ఒళ్లో పెట్టుకున్న మనిషికి ఎవరు ఏం చెప్పినా చేయాలనిపిస్తుంది. కానీ ఆ బూడిదతో కోరింత దగ్గు తగ్గదు. అది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు, చిన్న పిల్లల ప్రాణాలు తీస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించడమే ప్రమాదం. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, చివర ఈల వేసినట్టు శ్వాస లాగుతుంటే, లేదా నెలల బిడ్డ దగ్గుతూ ఊపిరి ఆపేస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రాకుండా ఆపేది టీకా. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 16 నుంచి 24 నెలల మధ్య, మళ్లీ 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ బూస్టరు ప్రభుత్వం ఉచితంగానే వేస్తోంది. ఏఎన్ఎంను అడిగి కార్డులో ఏ గడి ఖాళీగా ఉందో చూసుకోండి.

పెరట్లో చోటు

మేతకన్నా దీనికి కావలసింది చోటు. పెరటి మూల ఒక మంచం పట్టేంత స్థలంలో ఎండుటాకులు, పుల్లలు ఊడ్చేయకుండా వదలండి. చుట్టూ ప్రహరీ ఉంటే నేల మట్టాన ఒక చోట జానెడుకు తక్కువ కంత ఉంచండి. పాములు కూడా అదే కంతలోంచి వస్తాయి, అబద్ధం చెప్పను. కాబట్టి ఆకుల మూల ఇంటి గోడకు, బాత్రూముకు, పిల్లలు ఆడే చోటుకు దూరంగా ఉండాలి. అంత స్థలం లేని పెరడైతే ఆకుల కుప్ప పెట్టకపోవడమే మేలు.

కంచెకు పాత చేపల వల కట్టినవారు అడుగు అంచును నేలకు బెత్తెడు ఎత్తుకు లాగి కట్టండి. వల నేల మీద పడి ఉంటే ముళ్లు చిక్కుకుని, ముడుచుకునే కొద్దీ బిగుసుకుంటుంది. చెత్త గుంట, సంపు గోతి తెరిచి ఉంటే ఒక గరుకు చెక్క ఏటవాలుగా దింపి పెట్టండి, పడినది పాకి పైకి వస్తుంది. చెత్తకుప్ప కాల్చవద్దనే చెబుతాం, కంపోస్టు గుంటలో వేసుకోమంటాం. అయినా కాల్చక తప్పని కంప ఉంటే, ముందు రోజు కాక అదే రోజు పొద్దున కర్రతో ఎత్తి పక్కకు జరిపి, కింద ఏమీ లేదని చూశాక నిప్పు పెట్టండి. భయం వేస్తే ఇది పరుగెత్తదు. ఉన్న చోటే ముడుచుకుని కూర్చుంటుంది.